రెండు తలల వైరు

"మళ్ళీ ఒకసారి చేసి చూపించండి" అన్నాడు ఇంజనీరు.

ఆపరేటరు మళ్ళీ చేసి చూపించాడు. కుర్చీలోంచి లేచి, ప్యానెల్ దాకా నడిచి, ఇళ్ళ లైను స్విచ్చి ముందు నిలబడి, చెయ్యి గాల్లోనే కిందికి తిప్పాడు. తరవాత 'మనుషులు పని చేస్తున్నారు' అన్న బోర్డు తగిలిస్తున్నట్టు వేళ్ళు కదిపాడు. తగిలించిన బోర్డుని కొంచెం ఎత్తి, మళ్ళీ వదిలాడు. లేని బోర్డుని కూడా రెండోసారి సరిచూసుకున్నాడన్నమాట. ఏ పనీ ఒక్కసారి చేసి వదిలేసే మనిషి కాదు. అందుకే సబ్‌స్టేషన్లో అందరూ అతన్ని నిదానం అంటారు.

"ఆ తరవాత?"

"ఆ తరవాత బజారు లైను ఇమ్మని ఫోనొచ్చింది సార్. ఇచ్చాను."

"బజారు స్విచ్చి, ఇళ్ళ స్విచ్చి పక్కపక్కనే ఉన్నాయి. బయట వాన, లోపల చీకటి. పొరపాటున ఇళ్ళ లైను వేసి, వెంటనే తప్పు తెలుసుకుని తీసేసి, బజారుది వేసి ఉండొచ్చు కదా?"

"ఉండొచ్చా సార్?"

"నన్నడుగుతారేంటండీ?"

ఎగతాళికి అడగలేదు అతను. నిజంగానే తెలియక అడిగాడు. నిన్న సాయంత్రం నుంచి ఆ రెండు స్విచ్చిల మీద తన చెయ్యి ఎలా కదిలిందో తలుచుకుని తలుచుకుని, ఇప్పుడు ఏది జరిగిందో, ఏది తను ఊహించుకున్నాడో విడదీయలేకుండా ఉన్నాడు. తలుచుకున్నకొద్దీ బోర్డు ఒకసారి కుడి స్విచ్చికి వేలాడేది, ఇంకోసారి ఎడమ స్విచ్చికి.

ఒక్కటి మాత్రం మారలేదు. బల్ల మీద ఆ మూల స్టీలు క్యారేజీ. నిన్న కాకి పెట్టిన చోటే ఉంది.

కాకి అంటే లైన్‌మన్. ఎప్పుడు చూసినా తీగల మీదే ఉంటాడని ఆ పేరు. స్తంభం ఎక్కాల్సి వస్తే, లైను ఆపించుకోడానికి వచ్చినప్పుడే తన అన్నం క్యారేజీ తెచ్చి ఆపరేటరు బల్ల మీద పెట్టేవాడు. పని అయ్యాక తనే వచ్చి దాన్ని తీసుకెళ్ళాలి. తీసుకెళ్ళేదాకా ఎవరు ఫోన్ చేసినా, ఎంత పెద్దాయన కేకలేసినా, నిదానం లైను ఇవ్వడు. ఇది ఏ రూల్సులోనూ లేదు. వాళ్ళిద్దరి మధ్య పుట్టి, వాళ్ళిద్దరి మధ్యే నడుస్తోంది.

"అదిగో సార్, క్యారేజీ. అది అక్కడుండగా నేను లైను ఎలా ఇస్తాను?"

ఇంజనీరు క్యారేజీ వంక చూశాడు. చెడ్డవాడేం కాదు. రాత్రంతా నిద్రలేక కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"రిపోర్టులో ఏమని రాయమంటారు? అన్నం గిన్నెలు సాక్ష్యమనా? జనరేటర్లు ఉన్న ఇళ్ళన్నీ అడిగించాను. మెయిన్ స్విచ్చి తీసేశాకే జనరేటరు వేసుకున్నామన్నారు అందరూ. మీ ఆవిడ కూడా ఆ మాటే చెప్పింది. మరి తీగలోకి కరెంటు ఎక్కణ్ణించొచ్చింది? కాకికి అరచెయ్యి కాలింది, పడ్డప్పుడు రెండో చెయ్యి విరిగింది. విచారణ తేలేదాకా మీరు ఇంటి దగ్గరుండండి. మీ చేతి పొరపాటే అని తేలితే ఉద్యోగం ఉండదు. ముందే చెప్తున్నాను."

నిదానం తల ఊపాడు. వెళ్ళబోతూ ఆగి, క్యారేజీ చేతిలోకి తీసుకున్నాడు. తీసుకోవాల్సిన మనిషి రాకుండా దాన్ని బల్ల మీంచి కదపడం అదే మొదటిసారి. దొంగతనం చేస్తున్నట్టనిపించింది.

*

ఇంటికెళ్ళేసరికి భార్య స్టోరు గదిలో, గుడ్లు పొదిగే పెట్టె ముందు కూర్చుని ఉంది. పొద్దున వీధికి కరెంటు రావడంతో పెట్టెలో బల్బులు మళ్ళీ వెలుగుతున్నాయి. అద్దంలోంచి చూస్తే నాలుగైదు గుడ్లకి అప్పుడే చిన్న చిన్న బీటలు. పిల్లలు లోపల్నుంచి పెంకు పొడుస్తున్నాయి. సరిగ్గా ఈ రోజులు చూసుకునే గాలివాన వచ్చి పడింది. చెట్టు కొమ్మ విరిగి వీధి చివరి తీగ తెగింది. పెట్టె చల్లబడితే ఇన్నాళ్ళ కాపలా నీళ్ళపాలే. అందుకని ఆవిడ సౌండు బాక్సులు అద్దెకిచ్చే కొట్టునుంచి చిన్న జనరేటరు తెప్పించుకుంది. దానితోపాటు కొట్టువాడు ఒక వైరు కూడా ఇచ్చాడు. రెండు కొసలకీ పిన్నులే ఉన్న వైరు. ఒక తల జనరేటర్లో, రెండో తల ఇంట్లో ఏదో ఒక ప్లగ్గులో గుచ్చితే సరి, ఇల్లంతా వెలుగుతుందన్నాడు. ఆవిడ జనరేటరు పెరట్లో పెట్టి, అక్కడి ప్లగ్గులోనే గుచ్చింది.

"మెయిన్ తీశావా?" అన్నాడు నిదానం, చెప్పులు కూడా విడవకుండా.

"పొద్దున్నే అడిగారు. రాత్రి అడిగారు. తీశాను."

"పైకా, కిందికా?"

ఆవిడ లేచి, హాల్లోకి నడిచి, తలుపు వెనక మెయిన్ స్విచ్చి చూపించింది. "ఇది. కిందికి. మీరే కదా ఇల్లాలికి ఇంకేం నేర్పకపోయినా ఇది నేర్పింది. తీసి, దాని మీద గుడ్డ కూడా చుట్టాను, ఎవరూ ముట్టుకోకుండా."

గుడ్డ ఇంకా పక్క మేకుకి వేలాడుతోంది. నిదానం దాన్ని చూసి, స్విచ్చిని చూసి, మళ్ళీ గుడ్డని చూశాడు. మెయిన్ తీసేస్తే ఇంట్లో కరెంటు ఇంట్లోనే ఉంటుంది, వీధిలోకి పోవడానికి దారి ఉండదు. ఆ సంగతి అందరికన్నా అతనికే బాగా తెలుసు.

"అసలా జనరేటరు కూడా ఏమంత గొప్పది కాదులెండి" అందావిడ, పెట్టె దగ్గరికి మళ్ళీ వెళ్తూ. "పెట్టె వెలిగింది గానీ హాల్లో ఫ్యాను తిరగలేదు, ఫ్రిజ్జు నడవలేదు. చిన్నది కదా, ఇల్లంతా మొయ్యలేదేమో అనుకున్నా. చివరికి దగ్గి దగ్గి అదీ ఆగిపోయింది. వీధిలో అరుపులు వినపడి పరిగెత్తాను. ఆ గోలలో దాని సంగతే మర్చిపోయాను."

వినాల్సిన మాట అదే. కానీ అతని మనసంతా ప్యానెల్ మీదుంది. హాలు గోడకి ఎదురుగా నిలబడి, చెయ్యి కిందికి తిప్పాడు. బోర్డు తగిలించాడు. ఎత్తి వదిలాడు.

ఆ గోడకి అవతల అన్న ఉంటాడు. ఒకప్పుడు అది పెద్ద హాలు. వాటాలు వేసుకున్నప్పుడు మధ్యలో గోడ లేచింది. స్టోరు గదీ పెరడూ నిదానానికి వచ్చాయి, వీధి వైపు కిటికీ ఉన్న గది అన్నకి వెళ్ళింది. అన్న కట్టుడు పళ్ళ సెట్లు చేస్తాడు. పళ్ళూడిన వాళ్ళందరికీ నవ్వులు అమర్చే మనిషి, గోడ కట్టాక తమ్ముణ్ణి చూసి పెదవి కదిపింది లేదు. తమ్ముడూ తక్కువ తినలేదు. వీధిలో ఎదురుపడితే ఇద్దరికీ ఒకేసారి చెప్పు సరిచేసుకోవాల్సిన అవసరం వస్తుంది.

"ఏం చేస్తున్నారండీ?" అంది భార్య గుమ్మంలోంచి.

"ఏం లేదు."

"మీ చెయ్యి తప్పు చేసుండదు. నాకు తెలుసు."

"నాకు తెలియడంలేదే" అన్నాడు. భార్య దగ్గర ఆ మాట అనడానికి సిగ్గు వేసింది. అయినా అనేశాడు.

*

మర్నాడు క్యారేజీ శుభ్రంగా తోమించి, అందులో వేడి అన్నం పెట్టించుకుని ఆసుపత్రికి వెళ్ళాడు.

కాకికి ఒక చేతికి సిమెంటు కట్టు, రెండో చేతికి తెల్ల గుడ్డ. క్యారేజీ చూడగానే ముఖం వెలిగింది. "బల్ల మీదే ఉందా?"

"అక్కడే ఉంది. పెట్టినచోటే."

"తెలుసు. ఈ ఇంజనీరు గారికే చెప్పలేక చస్తున్నా." ఒక్క క్షణం ఆగాడు. ఆ ఆగడమే నిదానానికి గుచ్చుకుంది. "ఏమీ అనుకోకు, నిదానం. ఒక్కసారి అడుగుతా. మళ్ళీ ఎప్పుడూ అడగను. ఇచ్చావా?"

ఇవ్వలేదు అనాలి. నోటిదాకా వచ్చింది. "ఇవ్వలేదనే అనుకుంటున్నా, కాకీ" అన్నాడు నిదానం. "నిజంగా నాకే అర్థం కావట్లేదు."

కాకి చూపు కప్పు వైపు తిప్పుకున్నాడు.

"తప్పు నాదీ ఉందిలే. ఎక్కగానే తీగని భూమికి కలుపుతూ ఎర్తు కట్టాలి. కట్టలేదు. వానగా ఉంది, తొందరగా దిగిపోదామని. లైను ఆపింది నువ్వు, ఇంక ఎర్తు ఎందుకులే అనుకున్నా. వేరే ఎవరైనా డ్యూటీలో ఉంటే కట్టేవాణ్ణి."

నమ్మకం ఇంత పని చేస్తుందని నిదానం ఎన్నడూ అనుకోలేదు. స్టూలు మీద కూర్చుని అన్నం కలిపి పెట్టసాగాడు. రెండు చేతులూ ఆడని కాకి పిల్లాడిలా నోరు తెరిచాడు.

"ఒక్కటి మాత్రం చిత్రం" అన్నాడు నముల్తూ. "స్తంభం మీంచి మీ ఇల్లు కనపడుతుంది కదా. మీ అన్నయ్య కిటికీలో లైటు వెలుగుతోంది. బల్ల దగ్గర కూర్చుని ఆ పళ్ళేవో అరగదీసుకుంటున్నాడు. కరెంటు లేకుండా ఈయనకి లైటెలా వచ్చిందబ్బా అనుకున్నా. అనుకుంటూనే తీగ పట్టుకున్నా."

నిదానం చేతిలో ముద్ద ఆగిపోయింది.

"ముందే ఎందుకు చెప్పలేదు?"

"జనరేటరేమోలే అనుకున్నా."

"ఆయనకి జనరేటరు లేదు" అన్నాడు నిదానం. ఇంకేమీ బోధపడలేదు గానీ, ఆ లైటు ఎక్కణ్ణించి వచ్చిందో అన్నని అడక్క తప్పదని మాత్రం తెలిసింది. దానికంటే విచారణే నయమనిపించింది.

*

అన్న తలుపు తీసి, తమ్ముణ్ణి చూసి, పక్కకి తప్పుకున్నాడు. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. బల్ల మీద గులాబీరంగు చిగుళ్ళు, వరసలు వరసలుగా పళ్ళు. పైన వంగిన మెడతో చిన్న లైటు.

"అన్నయ్యా." ఆ పిలుపు నోరు తిరగడం మర్చిపోయినట్టుంది. "వానలో, కాకి పడ్డ రోజు, ఈ లైటు వెలిగిందా?"

అన్న చేతిలో ఆకురాయి పక్కన పెట్టాడు. "వెలిగింది."

"ఎలా వెలిగింది?"

"ఎలా వెలగడమేంటి? నువ్వు పంపించావు." ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. "పెరట్లో మీ జనరేటరు చప్పుడైంది, ఇక్కడ లైటొచ్చింది. చీకట్లో అన్న కళ్ళు పోగొట్టుకుంటాడని పంపించాడనుకున్నా. వచ్చి ఒకమాట చెబుదామనుకున్నా. ఎలా చెప్పాలో తెలియలేదు. ఈలోగా ఆ గొడవ."

నిదానం నిలబడిపోయాడు. తను పంపలేదు. పంపాలని తోచను కూడా లేదు. ఆ మాట ఎలా చెప్పాలో అతనికీ తెలియలేదు.

"నేను పంపడానికి దారేది, అన్నయ్యా? నీ మీటరు వేరు, నా మీటరు వేరు."

"స్టోరు గది నా మీటరు మీదే ఉంది కదా."

"ఏంటీ?"

"ఆ గదీ, పెరట్లో ప్లగ్గూ. గోడ కట్టినప్పుడు మేస్త్రీ ఇటుకలు పంచాడు గానీ వైర్లు పంచలేదు. అవి పాత దారినే ఉన్నాయి. నాకప్పుడే తెలుసు."

"మరి చెప్పలేదే?"

"మాటలుంటే కదా చెప్పడానికి" అన్నాడు అన్న. తరవాత కొంచెం మెత్తగా, "మరదలు గుడ్లేవో పెట్టుకుంది. వైరు తీసేయిస్తే అదో గొడవ అవుతుంది. ఉండనీలే అనుకున్నా."

నిదానం పరుగులాంటి నడకతో తలుపు పక్కనున్న అన్న మెయిన్ దగ్గరికి వెళ్ళాడు. వీధికి కరెంటు వచ్చి అప్పటికి ఒక రోజైంది. స్విచ్చి కిందికి లాగాడు. బల్ల మీద లైటు ఆరింది. ఇద్దరూ చెవులు రిక్కించి నిలబడ్డారు.

గోడ అవతల్నుంచి భార్య గొంతు వినపడింది. "అయ్యో, పెట్టె ఆరిపోయిందేంటి? హాల్లో ఫ్యాను తిరుగుతూనే ఉందే?"

అంతే. రెండు రోజులుగా చిక్కుపడ్డ దారం ఒక్క లాగుతో విడిపోయింది. భార్య తన మెయిన్ తీసింది. నిజమే. కానీ రెండు తలల వైరు గుచ్చింది పెరట్లో ఉన్న అన్న మీటరు ప్లగ్గులో. ఆ కరెంటు పెట్టెని వెలిగించి, అన్న లైటుని వెలిగించి, ఎవరూ తియ్యని అన్న మెయిన్ మీదుగా వీధిలోకి నడిచింది. కొమ్మ తెంపిన ఆ తీగ ముక్క మీద ఉన్నవి ఈ రెండు ఇళ్ళే కాబట్టి చిన్న జనరేటరు కూడా దాన్ని మోసింది. స్తంభం మీద కాకి దాన్ని అందుకున్నాడు.

తన చెయ్యి తప్పు చెయ్యలేదు. మొట్టమొదట కలిగింది సంతోషమే. దాని వెనకే ఇంకోటి వచ్చి, ఆ సంతోషం గొంతు పట్టుకుంది. సబ్‌స్టేషన్లో కాకిని కాపాడిన మనిషి ఇల్లే కాకిని కొట్టింది.

అన్న ఆరిన లైటు వంక చూశాడు. "అయితే ఈ లైటు నువ్వు పంపింది కాదు."

"కాదన్నయ్యా."

"సరే" అన్నాడు అన్న. ఆకురాయి తీసుకున్నాడు. చీకటిగా ఉందని గుర్తొచ్చి మళ్ళీ కింద పెట్టాడు. నిదానం మెయిన్ వేసి బయటికి వచ్చాడు.

భార్య సంగతంతా విని, గడప మీద కూలబడింది. "అంటే నేనా? నేను తీసే పెట్టాను కదండీ. గుడ్డ కూడా చుట్టాను." ఆ మాటే మళ్ళీ మళ్ళీ అంది. నిదానం పక్కన కూర్చున్నాడు. ఎవరికి వాళ్ళు తమ పని సరిగ్గానే చేశారు, అయినా ఒక మనిషి స్తంభం మీంచి పడ్డాడు.

*

ఇంజనీరు అంతా విని కుర్చీలో వెనక్కి వాలాడు. "మొత్తానికి మీ చెయ్యి మంచిదే. బతికిపోయారు. ఏదో ఒక ఇంటి జనరేటరు అని రాసేస్తాను. ఎవరిదో రాయక్కర్లేదు. రేపు డ్యూటీకి రండి."

"మా ఇంటిదని రాయండి సార్."

"ఎందుకండీ, కోరి తలకి చుట్టుకోవడం? మెమో ఇస్తారు. అన్నీ సరిచేసేదాకా కనెక్షను తీసేస్తారు కూడా."

"తియ్యనివ్వండి. కాకి మంచం మీద పడుకుని, నేను ఇచ్చానా లేదా అని ఆలోచిస్తున్నాడు. వాడికి మొత్తం తెలియాలి. సగం తెలిస్తే మిగతా సగం నా మీదే ఉంటుంది."

ఇంజనీరు పెన్ను మూత తీశాడు.

*

కనెక్షను తీశారు. స్టోరు గదిలో పాత వైరు కూడా వాడొద్దన్నారు. పెట్టెనీ, పుట్టిన కోడిపిల్లల్నీ అవతలి వైపు పక్కింట్లో పెట్టుకుని భార్య రెండిళ్ళ మధ్య తిరుగుతోంది. మెమో వచ్చింది. దాన్ని రెండుసార్లు చదివి, మడిచి బీరువాలో పెట్టాడు నిదానం. తరవాత పనిలో పడ్డాడు. కాకి సిమెంటు కట్టుతో వచ్చి, స్టోరు గదిలో స్టూలు మీద కూర్చుని పెత్తనం చేశాడు.

"ఆ స్విచ్చి ఇంకొంచెం ఎడమకి. నీ ఎడమ కాదు, నా ఎడమ."

గోడకి కొత్తగా బిగించిన పెద్ద స్విచ్చి అది. పిడి పైకి తిప్పితే వీధి కరెంటు, కిందికి తిప్పితే జనరేటరు, మధ్యలో ఉంటే ఏదీ లేదు. రెండూ కలిసే దారే లేదు. పెరటి గోడకి బయట జనరేటరు వైరు తగిలించే వేరే సాకెట్టు పెట్టారు. రెండు తలల వైరుని భార్య కత్తిపీటతో ముక్కలు చేసింది. కొట్టువాడు అడిగితే ఆ ముక్కలే ఇస్తానంది. ఆవిడ ముఖం తేటపడ్డది అప్పుడే.

మిగిలింది ఒక్కటే. స్టోరు గది కప్పు మూలనుంచి గోడలో దూరి అన్న ఇంట్లోకి పోయే పాత వైరు. దాన్ని తెంపాలి. అన్న కనెక్షను తియ్యలేదు, అందులో కరెంటు ఉంది.

నిదానం వీధిలోంచి చుట్టూ తిరిగి అన్న గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. "ఆ వైరు తీసేస్తున్నానన్నయ్యా."

"తియ్యి. ప్రమాదం కదా." అన్న తల ఎత్తలేదు.

"తీసేశాక, అదే కన్నంలోంచి ఇంకో వైరు నీ బల్ల మీదికి లాగుతాను. ఒక్క లైటు. నీ మీటరుతో దానికి సంబంధం ఉండదు. మా జనరేటరు వేసినప్పుడే వెలుగుతుంది."

"అదెందుకు?"

"మొన్నటిది నేను పంపలేదు కదా" అన్నాడు నిదానం. "ఇది పంపుతున్నాను."

అన్న ఒక పళ్ళ వరసని ఎత్తి వెలుతురులో తిప్పి చూశాడు. "సరే" అన్నాడు చివరికి. ఆ రోజు చీకట్లో అన్న 'సరే' లాంటిది కాదిది.

వెనక్కి వచ్చేసరికి కాకి గుమ్మంలో క్యారేజీ పట్టుకుని ఉన్నాడు. కాలిన చేతికి కొత్త చర్మం వచ్చి గులాబీరంగుగా ఉంది. "ఇవాళ ఎక్కేది నువ్వు. ఎవరి దగ్గర పెడతావో పెట్టుకో."

భార్య అందుకోబోయింది. నిదానం ఒక్క క్షణం ఆలోచించి, మళ్ళీ వీధిలోకి నడిచాడు.

అన్న మెయిన్ కిందికి లాగి, దాని పక్కనే కుర్చీ వేశాడు. అన్నని అందులో కూర్చోబెట్టి, క్యారేజీ చేతికిచ్చాడు. "నేను నిచ్చెన ఎక్కుతున్నాను. ఇది నీ దగ్గరున్నంతసేపూ ఆ స్విచ్చి ముట్టుకోకు. ఎవరు చెప్పినా."

"ఇందులో ఏముంది?"

"ఖాళీదే."

అన్న దాన్ని రెండు చేతులతో తీసుకున్నాడు.

పని అనుకున్నదానికంటే ఆలస్యమైంది. నిదానం వైరుని ఒకసారి టెస్టరుతో చూశాడు, రెండోసారి చూశాడు, అప్పుడు తెంపాడు. కొసలకి టేపు చుట్టాడు. కొత్త వైరు కన్నంలోంచి తోశాడు. ముక్కులో దుమ్ము, కళ్ళలో సున్నం. చివరికి నిచ్చెన మీంచే, గోడ కన్నానికి నోరు దగ్గరగా పెట్టి పిలిచాడు.

"అన్నయ్యా, అయిపోయింది. ఇంక స్విచ్చి వెయ్యొచ్చు."

అవతల చప్పుడు లేదు.

"అన్నయ్యా, వినపడిందా? దిగిపోతున్నాను. వేసెయ్."

"వినపడింది" అంది గోడ అవతలి గొంతు. "ముందు వచ్చి క్యారేజీ తీసుకో."